లోగోస్ బైబిల్ సాఫ్ట్‌వేర్‌లో లేఅవుట్లు: ఏ ప్యానెల్ ముందు నడవాలి, ఏవి దాని వెంట రావాలి

లోగోస్ కొత్తగా వేసుకున్నవాళ్ల స్క్రీన్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. ఎడమ పక్క ఒక ఇంగ్లిష్ బైబిలు, దాని పక్కన ఇంకో అనువాదం, కింద రెండు వ్యాఖ్యానాలు, కుడి మూల నిఘంటువు, మధ్యలో ఎక్కడో ప్యాసేజ్ గైడ్ (ఒక వాక్యభాగం మీద మన లైబ్రరీలో ఏమేముందో వెతికి చూపే టూల్). అన్నీ తెరిచే ఉంటాయి, ఒక్కటీ హాయిగా చదవడానికి వీలుండదు. యోహాను 21కి వెళ్తే ఒక ప్యానెల్ కదులుతుంది, మిగతావి ఇంకా రోమా పత్రికలోనే ఉంటాయి. ఇది మనవల్ల కాదని మూసేసి ఫోన్‌లోని బైబిలుకి వెళ్లిపోయేది సరిగ్గా ఇక్కడే.

ఈ సమీక్ష ఆ ఒక్క భాగం గురించే: ప్యానెళ్లు సర్దుకోవడం, వాటిని ఒకదానికొకటి ముడివేయడం, ఆ అమరికకు పేరు పెట్టి దాచుకోవడం. ప్యాకేజీలు, చందాలు, పుస్తకాల ధరలు వేరే సంగతి. ముందే తీర్పు చెప్పాలంటే, కంప్యూటర్ మీద వాక్యం చదివే సాఫ్ట్‌వేర్లలో లేఅవుట్ విషయానికి లోగోస్‌ది పైచేయే. కానీ అది తనంతట తాను చక్కగా సర్దిపెట్టదు. ఎలా సర్దుకోవాలో తెలియకపోతే అంత శక్తీ అయోమయంగానే మిగులుతుంది.

ప్యానెళ్లను కదపడం

ప్రతి పుస్తకం, ప్రతి టూల్ ఒక ట్యాబ్‌గా తెరుచుకుంటుంది. ట్యాబ్‌ను మౌస్‌తో పట్టుకుని లాగితే, ఎక్కడ వదలొచ్చో స్క్రీన్ మీద రంగు నీడ కనిపిస్తుంది. ఇంకో ప్యానెల్ నడిమధ్యలో వదిలితే దానిలోనే రెండో ట్యాబ్ అవుతుంది. అంచు మీద వదిలితే ఆ ప్యానెల్ రెండుగా చీలుతుంది. మొత్తం విండో అంచుదాకా తీసుకెళ్లి వదిలితే పై నుంచి కిందిదాకా పూర్తి నిలువు వరుస వస్తుంది. మొదట్లో చేయి తిరగక అందరూ తప్పు చేసేది ఈ రెండో, మూడో పద్ధతుల మధ్యే. పూర్తి వరుస కావాలనుకుని ప్యానెల్ అంచు మీదే వదిలేస్తారు, అది సగం ఎత్తులో ఇరుక్కుంటుంది. నీడ విండో పొడవునా పరుచుకునేదాకా మౌస్ వదలకండి.

ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేస్తే దాన్ని విడి విండోగా, అంటే ఫ్లోటింగ్ విండోగా బయటికి తీసే అవకాశం ఉంటుంది. రెండో మానిటర్ ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది. ఒక్క ల్యాప్‌టాప్ మీద మాత్రం విడి విండోలు ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి కాబట్టి అటు పోకపోవడమే మంచిది.

ఎన్ని వరుసలు అన్నదానికి లెక్క ఉంది. 1366 పిక్సెళ్ల వెడల్పున్న మామూలు ల్యాప్‌టాప్‌ను మూడు వరుసలు చేస్తే ఒక్కోదానికి 455 పిక్సెళ్లు వస్తాయి. ఇంగ్లిష్ పాఠానికి అది ఎలాగో సరిపోతుంది, తెలుగుకు చాలదు. తెలుగు మాటలు పొడవు, పైగా పాత అనువాదంలో సంధులు కలిసిపోయి ఇంకా పొడవవుతాయి. వరుస ఇరుకైతే ఒక లైనులో రెండు మూడు మాటలే పట్టి, కుడి పక్క ఖాళీ గజిబిజిగా మిగులుతుంది. ఆ స్క్రీన్ మీద రెండు వరుసలే పెట్టుకోండి. 1920 పిక్సెళ్ల స్క్రీన్‌లో మూడు వరుసలకు 640 చొప్పున వస్తుంది, తెలుగు బాగానే చదవొచ్చు. సెట్టింగ్స్‌లో పాఠం సైజును, మెనూల సైజును విడివిడిగా శాతాల్లో మార్చుకోవచ్చు. కళ్లకు శ్రమ అనిపిస్తే పాఠం సైజు మాత్రం పెంచండి. మెనూలు కూడా పెంచితే ప్యానెల్ పైభాగమే చోటు తినేస్తుంది.

లింక్ సెట్లు: అసలు కీలకం

ప్రతి ప్యానెల్ మెనూలో లింక్ సెట్ అని ఉంటుంది, ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలుంటాయి. ఒకే అక్షరం ఇచ్చిన ప్యానెళ్లన్నీ ఒక వచనం దగ్గరికి కలిసి కదులుతాయి. ఇంజను ఒకటి, మిగతావి పెట్టెలు అనుకోండి. సాఫ్ట్‌వేర్ వరకు ఏ పెట్టెను లాగినా మొత్తం రైలు కదులుతుంది కానీ, చదివేవాళ్ల మనసులో మాత్రం ఇంజను ఒకటే ఉండాలి. వచనం మార్చాలంటే ఆ ప్యానెల్‌లోనే మార్చాలి. దాన్ని ఎప్పుడూ ఎడమ చివర, అన్ని లేఅవుట్లలో ఒకే చోట పెట్టుకుంటే చెయ్యి దానంతట అదే అటు పోతుంది.

లింక్ సెట్‌లో పెట్టవలసినవి వచనాల వారీగా నడిచే పుస్తకాలు: బైబిలు అనువాదాలు, మూలభాషా పాఠాలు, వ్యాఖ్యానాలు. నిఘంటువు ఇందులో పనికిరాదు, ఎందుకంటే అది వచనాల మీద కాదు, మాటల మీద నడుస్తుంది. గ్రీకు మాట మీద డబుల్ క్లిక్ చేస్తే నిఘంటువు తెరుచుకుంటుంది. ఏ నిఘంటువు ముందు తెరుచుకోవాలో లైబ్రరీలోని ప్రయారిటైజ్ జాబితాలో పైకి లాగి పెట్టుకోవచ్చు. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే చాలామందికి క్లిక్ చేసిన ప్రతిసారీ అక్కరలేని నిఘంటువు ఎదురవుతుంది.

ప్యాసేజ్ గైడ్‌ను లింక్ సెట్‌లో పెట్టవద్దు. వచనం మారిన ప్రతిసారీ గైడ్ లైబ్రరీ అంతా మళ్లీ వెతుకుతుంది. స్క్రోల్ చేస్తుంటే వెతుకులాట మీద వెతుకులాట పడి యంత్రం ఈడుస్తుంది. లోగోస్ నెమ్మది అన్న ఫిర్యాదుల వెనక చాలాసార్లు కనిపించేది ఇదే. కొత్త పుస్తకాలు దిగిన తర్వాత వెనకాల జరిగే ఇండెక్సింగ్, అంటే వెతకడానికి వీలుగా మాటల జాబితా తయారుచేసుకోవడం, ఇంకో కారణం. అది పూర్తయ్యేదాకా ఓపిక పట్టండి, లేదా పని ఉన్నంతసేపు ఆపి పెట్టండి.

ఇప్పుడు అతి ముఖ్యమైన కిటుకు. వ్యాఖ్యానం చదువుతూ అందులోని రిఫరెన్స్ మీద నొక్కితే, ఆ వచనం మన ముఖ్య బైబిలులోనే తెరుచుకుంటుంది. ఆ బైబిలు లింక్ సెట్‌లో ఉంది కాబట్టి రైలంతా దానితోపాటు పోతుంది. యోహాను 21 చదువుతున్నవాళ్లు రెండు క్లిక్కుల్లో యెహెజ్కేలు 34లో తేలతారు, వ్యాఖ్యానంలో చదువుతున్న పేజీ కూడా చేజారుతుంది. దీనికి మందు: ఇంకో బైబిలును ఏ లింక్ సెట్‌లోనూ చేర్చకుండా విడిగా తెరవండి. దాని ప్యానెల్ మెనూలో హైపర్‌లింకులను ఇక్కడికి పంపు అన్న అర్థం వచ్చే ఎంపిక ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. ఇకనుంచి ఎక్కడ నొక్కిన రిఫరెన్స్ అయినా ఆ విడి బైబిలులో తెరుచుకుంటుంది, చదువుతున్న భాగం కదలదు. ఈ చిన్న ఏర్పాటుతో మొత్తం సాఫ్ట్‌వేర్ స్వభావమే మారిపోయినట్టు ఉంటుంది.

యోహాను 21:15–17 మీద ఒక లేఅవుట్

ఎడమ వరుసలో తెలుగు పాఠం. మధ్య వరుసలో గ్రీకు కొత్త నిబంధన. ఎస్‌బీఎల్ (సొసైటీ ఆఫ్ బిబ్లికల్ లిటరేచర్) గ్రీకు పాఠం 2010 నుంచి ఉచితంగానే దొరుకుతోంది కాబట్టి డబ్బు పెట్టనక్కరలేదు. ఈ రెండూ లింక్ సెట్ ఎ. కుడి వరుస పైభాగంలో, ఎంచుకున్న మాట వివరాలు చూపే ఇన్ఫర్మేషన్ ప్యానెల్, దాని కింద నిఘంటువు, ఇంకో ట్యాబ్‌గా విడి బైబిలు. ఇన్ఫర్మేషన్ ప్యానెల్‌ను మౌస్ మాట మీదికి రాగానే మారేలా కాకుండా క్లిక్ చేస్తేనే మారేలా పెట్టుకోండి. లేకపోతే మౌస్ కుడి వరుసకు వెళ్లేలోపు దారిలో తగిలిన మాటలన్నీ అందులో మారిపోతుంటాయి.

పాత తెలుగు అనువాదంలో ప్రభువు మూడుసార్లూ "ప్రేమించుచున్నావా" అనే అడుగుతాడు, పేతురూ మూడుసార్లూ అదే మాటతో జవాబిస్తాడు. మధ్య వరుస చూస్తే 15, 16 వచనాల్లో అడిగిన మాట అగపావో (బైబిలు మూలభాషా మాటలకు ఇచ్చిన స్ట్రాంగ్స్ నంబర్లలో 25), జవాబులోని మాట ఫిలెయో (స్ట్రాంగ్స్ 5368). 17లో ప్రభువు అడిగేది కూడా ఫిలెయో. ఇక్కడిదాకా చూసి ప్రసంగానికి ఎక్కించేసేవాళ్లు చాలామంది. రెండు క్రియల మధ్య నిజంగా అర్థభేదం ఉందా, లేక యోహాను శైలిలో మాట మార్పేనా అన్నదాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. కాబట్టి లేఅవుట్‌కు వెతుకులాట కోసం ఇంకో ప్యానెల్ అవసరం.

గ్రీకు మాట మీద రైట్ క్లిక్ చేసి, మాట మూలరూపాన్ని ఎంచుకుని, యోహాను సువార్తకే పరిమితం చేసి వెతకండి. ఫిలెయో 10 వచనాల్లో 13 సార్లు కనిపిస్తుంది. 5:20లో తండ్రి కుమారుని ప్రేమించడానికి ఈ మాటే, అదే సంగతి చెప్పే 3:35లో అగపావో. యేసు ప్రేమించిన శిష్యుడు అన్నచోట 20:2లో ఫిలెయో, 13:23లో అగపావో. వెతుకులాట ఫలితాల్లో ఒక్కోదాని మీద నొక్కుతుంటే అవి విడి బైబిలులో తెరుచుకుంటాయి, ఎడమ వరుసలో 21వ అధ్యాయం అక్కడే ఉంటుంది. ఒకే చూపులో రెండూ కనబడడం వల్ల తొందరపడి తీర్మానం చేయకుండా ఆగగలుగుతాం. దీనికి తోడు, తెలుగు పాఠంలో 15లో గొఱ్ఱెపిల్లలను మేపమని, 16లో గొఱ్ఱెలను కాయమని, 17లో గొఱ్ఱెలను మేపమని ఉంది. అంటే గ్రీకులోని ఆ మార్పులు తెలుగులో నిలిచాయి, ప్రేమ మాటలోని మార్పు మాత్రం నిలవలేదు. పక్కపక్కన పెట్టకుండా ఇది కంటికి ఆనదు.

నాలుగైదు అనువాదాలు పోల్చాలంటే నాలుగైదు ప్యానెళ్లు అక్కరలేదు. ఒక బైబిలు ప్యానెల్‌లో క్లిక్ చేసి కీబోర్డు మీద ఎడమ, కుడి బాణాలు నొక్కితే అదే వచనం దగ్గర తర్వాతి అనువాదం వస్తుంది. చిన్న స్క్రీన్ వాళ్లకు ఇది పెద్ద ఆదా.

తెలుగు పాఠాన్ని రైలుకు తగిలించడం

పర్సనల్ బుక్ సౌకర్యంతో మన దగ్గరున్న పాఠాన్ని లోగోస్ పుస్తకంగా మార్చుకోవచ్చు. 2019 నాటి తెలుగు ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో బయటికి వచ్చింది కాబట్టి, ఈ పనికి దాన్ని వాడుకోవడంలో చిక్కు లేదు. వర్డ్ ఫైలు కొత్త ఫార్మాట్‌లో, డాక్స్‌గా ఉండాలి. ప్రతి వచనం ముందు ఒక గుర్తు ఉండాలి: రెండు స్క్వేర్ బ్రాకెట్లు తెరిచి, అట్ గుర్తు, బైబిల్ అన్న మాట, కోలన్, పుస్తకం పేరు, అధ్యాయం, మళ్లీ కోలన్, వచనం, రెండు బ్రాకెట్లు మూసివేత. ఇదంతా ఇంగ్లిష్ అక్షరాల్లోనే, ఇంగ్లిష్ అంకెల్లోనే ఉండాలి. యోహాను అని తెలుగులో రాస్తే లోగోస్ గుర్తుపట్టదు.

యోహాను సువార్త ఒక్కదానికే 879 వచనాలు. చేత్తో గుర్తులు పెడితే పూర్తికాదు. ఎక్సెల్‌లో మొదటి నిలువు వరుసలో అధ్యాయం, రెండోదానిలో వచనం, మూడోదానిలో పాఠం పెట్టుకుని, నాలుగోదానిలో ఫార్ములాతో మూడింటినీ గుర్తుతో సహా కలిపి, ఆ వరుసను వర్డ్‌లోకి తెచ్చుకోండి. ముందు ఒక్క అధ్యాయంతో బిల్డ్ చేసి, అంటే ఫైలును లోగోస్ పుస్తకంగా మార్చి చూడండి. తప్పు ఉంటే బిల్డ్ లాగ్‌లో కనిపిస్తుంది. పుస్తకం రకం బైబిలు అని ఎంచుకోవడం మరవొద్దు. ఇవి సరిగ్గా చేస్తే తెలుగు ప్యానెల్‌కు కూడా లింక్ సెట్ ఎ ఇచ్చి ఇంజనుగా వాడుకోవచ్చు.

ఎక్కువగా పాడయ్యేది ఒక చోట. సంఘాల్లో పాత పాఠాలు, నోట్సులు చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసి ఉంటాయి. అది యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకే అక్షరంగా గుర్తుపట్టే పద్ధతి) కాదు. దాన్ని నేరుగా వర్డ్‌లో అతికిస్తే ఆ ఫాంటు ఉన్నంతసేపు తెలుగులాగే కనిపిస్తుంది, లోగోస్‌లోకి వెళ్లాక పిచ్చి గుర్తులుగా మారుతుంది. ముందుగా యూనికోడ్‌కు మార్చి, ఒత్తులు, అరసున్నలు, బండి ఱ సరిగ్గా మారాయో లేదో ఒక పేజీ కళ్లతో చూసుకున్నాకే ముందుకు పోవాలి. ఫాంటు విషయానికి విండోస్‌లో ఉండే నిర్మలా యూఐ చాలు. వర్డ్‌లో లైన్ల మధ్య ఎడం కాస్త పెంచండి. తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి, ఎడం తక్కువైతే కింది లైను గుడులకు తగులుకుంటాయి.

అంకెలు కలవనప్పుడు

హెబ్రీ పాఠం లింక్ చేసుకున్నవాళ్లు కీర్తన 51 తెరిచి లింక్ చెడిపోయిందని అనుకుంటారు. తెలుగులో 1వ వచనం హెబ్రీలో 3వది. హెబ్రీ పాఠం కీర్తన పైనున్న శీర్షికను కూడా వచనాలుగా లెక్కపెట్టడమే కారణం. గ్రీకు పాత నిబంధన అయిన సెప్టువజింట్‌లో అదే కీర్తన 50వది. మలాకీ 4:1 హెబ్రీలో 3:19. ఈ తేడాలు లోగోస్‌కు తెలుసు, సరైన చోటికే తీసుకెళ్తుంది. అంకెలు వేరుగా కనిపించినా పాఠం ఒకటే. ఈ పనిని లోగోస్ చాలా నమ్మకంగా చేస్తుంది, దీనికి పూర్తి మార్కులు ఇవ్వాలి.

దాచుకోవడం, తిరిగి తెచ్చుకోవడం

అమరిక కుదిరాక లేఅవుట్స్ మెనూలో పేరు పెట్టి సేవ్ చేయండి. పేరు పనిని బట్టి ఉండాలి: మూలభాష, ప్రసంగం, సండే స్కూల్, ఉదయ ధ్యానం. ప్రసంగం లేఅవుట్‌లో నిఘంటువు అక్కరలేదు, రాసుకునే ప్యానెల్‌కే సగం స్క్రీన్ ఇవ్వాలి. ధ్యానానికి ఒకే ప్యానెల్ చాలు. సేవ్ చేసిన లేఅవుట్‌ను షార్ట్‌కట్ పట్టీ మీదికి లాగి పెట్టుకుంటే ఒక్క క్లిక్కుతో తెరుచుకుంటుంది.

సేవ్ చేసిన లేఅవుట్ తనంతట తాను మారదు. ఆ తర్వాత ఒక ప్యానెల్ జరిపి, రెండు మూసి, లేఅవుట్ మార్చేశామనుకుంటే పొరపాటు. మళ్లీ అదే పేరు మీద అప్‌డేట్ చేయాలి. మెనూలో ఈ ఎంపిక మాటలు వెర్షన్‌ను బట్టి మారాయి, చోటు కూడా మారింది.  అనుకోకుండా అంతా చెదిరిపోతే భయపడనక్కరలేదు. లోగోస్ అప్పుడప్పుడు తనే తీసి పెట్టుకున్న స్నాప్‌షాట్లు అదే మెనూలో తేదీలతో ఉంటాయి, ముందటి స్థితికి వెళ్లిపోవచ్చు. ఈ స్నాప్‌షాట్ల సంగతి తెలియకపోవడం వల్ల ఎంతోమంది గంటల పని మళ్లీ మొదటినుంచి చేస్తున్నారు.

లేఅవుట్ సేవ్ చేసినప్పుడు ఉన్న వచనం కూడా దానిలో నిలిచిపోతుంది. తెరవగానే పాత భాగం కనిపిస్తే అది తప్పు కాదు, ఇంజను ప్యానెల్‌లో కొత్త రిఫరెన్స్ కొడితే మిగతావి వస్తాయి. రెండు మానిటర్ల మీద చేసిన లేఅవుట్‌ను ల్యాప్‌టాప్ ఒక్కదాని మీద తెరిస్తే మాత్రం విడి విండోలు అడ్డదిడ్డంగా పడతాయి. లేఅవుట్లు ఖాతాతో పాటు అన్ని కంప్యూటర్లకూ వెళ్తాయి కాబట్టి ఇది తరచుగా ఎదురవుతుంది. ఒక మానిటర్‌కు ఒకటి, రెండింటికి ఒకటి విడిగా సేవ్ చేసి, పేరులోనే ఆ సంగతి రాసుకోండి.

తెరుచుకునేటప్పుడే లోగోస్ నిలిచిపోతుంటే, బరువైన లేఅవుట్ లోడ్ కావడంలో చిక్కుందేమో చూడాలి. విండోస్‌లో ఐకాన్ మీద నొక్కిన వెంటనే కంట్రోల్ కీ పట్టుకుని ఉంచితే ఖాళీ లేఅవుట్‌తో తెరిచే అవకాశం వస్తుంది. మ్యాక్‌లో దానికి కమాండ్ కీ. సెట్టింగ్స్‌లో మొదలయ్యేటప్పుడు ఖాళీగానే తెరువు అని పెట్టుకుంటే తక్కువ మెమరీ ఉన్న యంత్రాలకు రోజూ మేలు.

మిగతావాటి పక్కన

మూడు వరుసల పద్ధతికి పేరు తెచ్చింది బైబిల్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్: వెతకడానికి ఒకటి, చదవడానికి ఒకటి, విశ్లేషణకు ఒకటి. 2018లో మూతపడింది. దానికి అలవాటు పడినవాళ్లకు పైన చెప్పిన యోహాను 21 లేఅవుట్ దాదాపు ఇంటి వాతావరణమే. యాకార్డెన్స్ అనే ఇంకో బైబిల్ సాఫ్ట్‌వేర్‌లో లేఅవుట్లను వర్క్‌స్పేస్‌లంటారు. ఒకే ట్యాబ్‌లో పాఠాలను పక్కపక్కన పెట్టడం అక్కడ లోగోస్ కంటే తేలిక, పైగా చురుకుగా కదులుతుంది. డబ్బు పెట్టలేనివాళ్లకు, పాత విండోస్ కంప్యూటర్లవాళ్లకు ది వర్డ్ అనే బైబిల్ సాఫ్ట్‌వేర్ (మైక్రోసాఫ్ట్ వర్డ్ కాదు) మంచి ఆసరా. ఉచితం, పెన్‌డ్రైవ్ మీదనుంచే నడుస్తుంది, లేఅవుట్లు సేవ్ చేసుకోవచ్చు. మూలభాషల్లో లోతుగా వెళ్లే ఉద్దేశం లేకుండా తెలుగు బైబిలు, ఒక వ్యాఖ్యానం, నోట్స్ మాత్రమే కావలసినవాళ్లు లోగోస్ నేర్చుకోవడానికి అంత శ్రమ పడనక్కరలేదు, దీనితో మొదలుపెట్టండి.

ఫోన్ తప్ప కంప్యూటర్ లేనివాళ్లకు ఆండ్రాయిడ్‌లో ఆండ్‌బైబిల్ ఉంది, ఉచితం. అందులోనూ వర్క్‌స్పేస్‌లున్నాయి, ఒక్కోదానికి విండోలు, అక్షరాల సైజు విడిగా ఉంటాయి. పైన తెలుగు, కింద వ్యాఖ్యానం పెట్టి రెండింటినీ సింక్ చేయండి. రిఫరెన్స్ నొక్కితే అది లింకుల విండోలో విడిగా తెరుచుకుంటుంది, చదువుతున్న అధ్యాయం కదలదు. మూడో విండో తెరవొద్దు. ఆరంగుళాల స్క్రీన్‌లో ఒక్కోదానికి నాలుగైదు లైన్లకు మించి మిగలదు.